ఎడమ చక్రం మీది పిల్ల

ఎల్లారెడ్డిలో నరేందర్ ఇంటి ముందు తెల్లారేది బకెట్ చప్పుడుతోనే. బోరు నీళ్లు నిండా పట్టుకొని, పాత చీర పేలిక భుజాన వేసుకొని నవత వాకిట్లోకి వచ్చేది. కారు పైభాగం, అద్దాలు, మూడు చక్రాలు వాళ్ల బాపు నరేందర్ కడుక్కునేవాడు. ముందటి ఎడమ చక్రం మాత్రం నవత వంతు. చిన్నప్పుడు ఎవరు పెట్టారో ఏమో, కామారెడ్డిలో డిగ్రీ చదువుకు వచ్చినా ఆ వంతు ఆమె మీదనే ఉండిపోయింది.

ఆ చక్రం మీద రోజూ ఒక పిల్ల ముఖం ఉండేది. బ్రేకు రాసుకున్నప్పుడు రాలే నల్లటి దుమ్ముతో, కాటుకతో గీసినట్టు తేలిన ముఖం. నవత గదుమ కాడ, గడ్డం కొస నుంచి మొదలుపెట్టి పైకి తుడిచేది. కండ్లు ఆఖరుకు. కండ్లు ముందే తుడిస్తే మిగిలిన నోరు ఒక్కటే నవ్వుతున్నట్టు ఉండేది. చిన్నప్పుడు ఒక్కసారి అట్లా చేసి, ఆ రోజంతా అన్నం తినలేదు.

తుడవకపోతే కుదరదు. నిన్నటి దుమ్ము మీద ఇయ్యాల్టి దుమ్ము పడితే ముఖం అలుక్కుపోతుంది. అలుక్కుపోతే మాపటికి రామ్లి చూసుకోలేదు.

రామ్లిది లింగంపేట దాటినాక, అడివంచున రోడ్డు వంపు తిరిగే కాడి తండా. ఆమె బిడ్డ జమున, నవత ఒక్క ఈడు పిల్లలు. ఇద్దరూ చిన్నబడిలో ఉన్నప్పుడు, ఒకనాడు మేకపిల్ల వెంట ఉరికి జమున రోడ్డెక్కింది. నరేందర్ బ్రేకు తొక్కాడు. తొక్కిన మాట నిజం. కానీ అప్పుడతను పక్క సీటు మనిషికి ఏదో చెప్పి నవ్వుతున్నాడు. ఆ నవ్వు ముగియడానికి పట్టినంత ఆలస్యమైంది. జమునను చేతుల మీద ఎత్తుకొని పోయినాక, రోడ్డు మీద మిగిలిన కారు చక్రం మీద ఆమె ముఖం ఉంది. మొదట చూసింది రామ్లే.

తండా పెద్దలు కూర్చున్నారు. రామ్లి పెనిమిటి మోత్యా చెరుకు కోతల కాడి నుంచి వచ్చి, తల మీద తువ్వాల కప్పుకొని కూర్చున్నాడు. నరేందర్ చేతులు కట్టుకొని నిలబడి, "ఏం అడిగితే అది ఇస్త" అన్నాడు. అందరూ రామ్లి దిక్కు చూశారు.

"పైసలు నేనేం చేసుకుంట?" అంది రామ్లి. "నా బిడ్డ నీ బండికి అంటుకొని పోతుంది. రోజు మాపటికి తెచ్చి చూపెట్టు. నేను చాలన్నదాంక."

అది సరైన మాట అనే అందరికీ తోచింది. అప్పటినుంచి నరేందర్ వేరే తోవ పట్టలేదు. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి, కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి మనుషులను ఎక్కించుకొని తిరిగేవాడు. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు ఆ వంపు కాడ గట్టిగా బ్రేకు తొక్కేవాడు. ముందు ఎవరూ లేకున్నా తొక్కేవాడు. పొద్దటి ట్రిప్పుకే ముఖం తేలేది, మాపటికి తేటపడేది. తిరిగి వచ్చేటప్పుడు తండా ముందు కారు ఆగితే, రామ్లి కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి చక్రం ముందు గొంతుక్కూర్చునేది. బండిలో మనుషులు గడియారాలు చూసుకునేవాళ్లు కాదు. "బిడ్డను చూసుకోనీ, పోదాం తియ్యి" అనుకునేవాళ్లు. కొందరు దిగి ఒళ్లు విరుచుకునేవాళ్లు.

దుమ్ములో జమున పెరిగింది. పాలపండ్లు ఊడాయి, కొత్తవి వచ్చాయి. అందులో ముందటిది కొంచెం వంకర. ఒంటిజడ రెండు జడలై మళ్లీ ఒంటిజడైంది. రామ్లి అన్నీ చూసింది. "తలకు నూనె వెట్టుకుంటలేవే" అని చక్రాన్ని కసిరేది. ఒక్కోసారి ఊరికే నవ్వేది.

ఆ నవ్వు చూసి నరేందర్ ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే అవే ముచ్చట్లు.

"సుకన్యా, ఇయ్యాల జమున ముక్కుపుడక వెట్టుకుందే. గింతంతది. మస్తు కళొచ్చింది పోరికి."

నవత తల్లి సుకన్య చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతోంది. దారం పంటితో తెంపి, "నీ బిడ్డ గూడ వెట్టుకుంది. వారమైతుంది. కండ్లు కనవడ్తలేవా నీకు?" అంది.

నరేందర్ తలెత్తి, "అవునా? మంచిగుంది బిడ్డా" అన్నాడు.

అప్పటికే నవత నీళ్ల చెంబు తేవడానికి లోపలికి పోయింది. ఆయన ఆ మాట అన్నది గోడకు.

నవత చెడ్డ పిల్ల కాదు. జమున మీద ఆమెకు కోపం కూడా లేదు, మొదట్లో. ఇద్దరూ ఒక్కతీరుగా పెరిగారు మరి. నవతకు మొటిమలు వచ్చినప్పుడు జమునకు రాలేదు, అంతే తేడా. కానీ పొద్దున లేచి తుడిచేది ఆ ముఖాన్నే, మాపటికి బాపు మురిసిపోయేది ఆ ముఖాన్ని చూసే. తను మాత్రం వెనక సీట్లో ముగ్గురి నడుమ ఇరుక్కొని, సంచులు ఒళ్లో పెట్టుకొని కాలేజీకి పోయేది. ముందటి సీటు పైసలిచ్చే వాళ్లకు. ఎడమ కన్ను కింద నువ్వుగింజంత పుట్టుమచ్చ ఉందని, అది నవ్వినప్పుడు కదులుతుందని ఎవరూ ఎప్పుడూ అనలేదు. అద్దంలో చూసి తనే కనిపెట్టింది.

మల్లేష్ అంటాడేమో అనుకుంది. మల్లేష్ లింగంపేట పిల్లగాడు, ఆమె క్లాసే. వాళ్లకు మక్క చేను ఉంది. చొక్కా చేతులు మోచేయి దాకా మడతపెట్టుకొని, వానకు ముందటి గాలిలా వచ్చి పోతుండేవాడు. అతను ఎక్కిన రోజు కారు కిటికీలోంచి కనిపించే వరి మళ్లన్నీ తన కోసమే పచ్చబడ్డట్టు నవతకు అనిపించేది.

ఒకనాడు కాలేజీ గేటు కాడ అందరూ దిగారు. నవత ఆ పొద్దు మల్లెపూలు పెట్టుకుంది, కొత్త డ్రెస్సు వేసుకుంది. మల్లేష్ దిగి, ఇటు తిరిగి, చక్రం ముందు కూర్చున్నాడు.

"రోజురోజుకు ఇంకింత మంచిగైతుంది గదా ఈమె" అన్నాడు.

"ఆమె సచ్చిపోయింది" అంది నవత.

"ఎరికే. అయినా చూడు, ఎట్ల చూస్తదో. ఎవరి కోసమో ఎదురు చూస్తున్నట్టు." లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "నువ్వే గద రోజు తుడిచేది? చెయ్యెట్ల ఒస్తది నీకు?"

మల్లెపూల దిక్కు చూడకుండానే పోయాడు. ఆ మాపటికి నవత పూలు తీసి, పారేయకుండా, సంచిలో పుస్తకాల నడుమ పెట్టింది. అక్కడ అవి వాడి నల్లబడ్డాయి.

కొన్నాళ్లకు బ్రేకు తొక్కినప్పుడల్లా కిర్రుమని ఇనుము చప్పుడు మొదలైంది. ప్యాడ్లు అరిగిపోయాయి. కామారెడ్డిలో నిజాంసాగర్ రోడ్డు మీద స్వామిదాసు షెడ్డు. నరేందర్ కారు పని ఎప్పుడూ అతనిదే. కాలేజీ విడిచినాక నవతను, ఎల్లారెడ్డి మనుషులను ఎక్కించుకొని కారు అటే తిప్పాడు.

స్వామిదాసు జాకీ పెట్టి చక్రం ఊడదీసి, జమున ముఖం చెదరకుండా పక్కన గోడకు జాగ్రత్తగా ఆనించాడు. అరిగిన ప్యాడ్లు బయటికి తీసి చూపించాడు.

"ఏం మిగల్లేదన్నా. ఇంకో నాలుగొద్దులైతే డిస్కును తింటుండె. ఇప్పుడు కొత్త రకం వొచ్చినయ్, దుమ్ము తక్కువ రాల్తది. చక్రాలు అద్దం లెక్క ఉంటయ్. అందరు అవే ఏపిచ్చుకుంటున్నరు."

"వొద్దొద్దు" అన్నాడు నరేందర్. "నా సంగతి నీకెరికే గద. దుమ్ము రాలేవే ఎయ్యి."

"ఎరికే గని, చెప్పాలె గద అని చెప్పిన."

బండిలో మనుషులు గొణుగుతున్నారు. లింగంపేట లింగయ్య, ముసలాయన, "చాయ్ అన్నా తాపియ్యవయ్యా, ఇంకెంతసేపు గిట్ల" అన్నాడు. నరేందర్ అందరినీ ఎదురుగా ఉన్న హోటల్‌కు తోలుకుపోయాడు. నవత పోలేదు. గోడకు ఆనించిన చక్రం దిక్కు చూస్తూ నిలబడింది. జమున కూడా చూస్తోంది.

స్వామిదాసు బల్ల మీద రెండు రకాల డబ్బాలు ఉన్నాయి. అతను పాత రకం డబ్బా చేతిలోకి తీసుకున్నాడు.

"అన్నా" అంది నవత. గొంతు తనది కాదన్నట్టు వచ్చింది. "బాపు కొత్తవే ఎయ్యమన్నడు. మనుషుల ముందట చెప్పలేక గట్లన్నడు. రామ్లి... చాలన్నదట."

స్వామిదాసు ఆమె ముఖంలోకి చూశాడు. "చాలన్నదా?"

"ఆఁ."

"పాపం. అనాలె గద ఎప్పుడో ఒకప్పుడు." డబ్బా మార్చాడు. కొత్త ప్యాడ్లు బిగిస్తూ తనలో తను చెప్పుకున్నట్టు అన్నాడు: "దుమ్ము తక్కువంటే అసలే ఉండదని గాదు బిడ్డా. పాతది బరువు దుమ్ము, ఎక్కడిదక్కడ అంటుకుంటది. ఇది పలచగ, తెల్లగ ఉంటది. చక్రానికి నిలవది, గాలికి పోతది. ఎటు పోతదో ఎవరికెరుక."

నవత వినలేదు. చక్రం మీద ముఖాన్ని పేలికతో తుడవమని స్వామిదాసు అంటే, ముందుకు పోయి, అలవాటుగా, గదుమ కాడ మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం వంపు కాడ నరేందర్ బ్రేకు తొక్కాడు. చప్పుడు లేకుండా, మెత్తగా ఆగింది కారు. తండా ముందు రామ్లి వచ్చి చక్రం ముందు కూర్చుంది.

చక్రం తళతళలాడుతోంది. అందులో నెరిసిన వెంట్రుకలు, లోపలికి పోయిన దవడలు, ఒక ముసలి ముఖం.

"ఎవరీ ముసల్ది?" అంది రామ్లి.

ఇన్నేండ్లు బిడ్డ ముఖమే చూసుకుంటూ ఆమె తన ముఖం సంగతి మరిచిపోయింది. చెయ్యి చెంపకు తీసుకుపోయింది. చక్రంలో ముసలిది కూడా అట్లనే చేసింది.

"నా బిడ్డేది నరేందర్?"

నరేందర్ కారు వెనక్కి తీసి, వంపు దాకా పోయి, వేగంగా వచ్చి మళ్లీ తొక్కాడు. మళ్లీ. "ఇంకోపారి కొట్టు నరేందరూ" అన్నాడు లింగయ్య లోపల్నుంచి, "కొత్తయి గద, చల్లగున్నయేమో." కాలిన వాసన వచ్చింది. రోడ్డు మీద నల్లటి చారలు పడ్డాయి. చక్రం మీద మాత్రం ఏమీ రాలేదు. వెనక సీట్లో నవత సంచులను గట్టిగా పట్టుకొని కూర్చుంది.

రామ్లే ఆఖరుకు చెయ్యి ఊపింది. "చాలు, బండి ఖరాబైతది. అలిగింది పోరి. నిన్న తిట్టిన నేను, తల దువ్వుకోలేదని. రేపొస్తది."

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. రామ్లి మాత్రం రోజూ వచ్చేది, చక్రం ముందు కూర్చొని, లేచి పోయేది. తిట్టడం మానేసింది. బతిమాలింది. ఆఖరుకు అది కూడా మానేసింది.

నరేందర్‌కు అసలు సంగతి నాలుగు రోజులకే తెలిసింది. స్వామిదాసు రోడ్డు మీద కలిసి, "రామ్లి చాలన్నదంట గద అన్నా, నీ బిడ్డ చెప్పింది. మంచిగైంది పో" అన్నాడు. నరేందర్ చేతులు స్టీరింగ్ మీదనే ఉన్నాయి. మార్చమని అనొచ్చు. షెడ్డు అక్కడే ఉంది. కానీ ఆ నాలుగు రోజులూ ఆయన పడుకోగానే నిద్ర పట్టింది. పొద్దున లేచి చక్రం వైపు చూసే పని లేదు. మెడ మీద నుంచి ఎవరో చెయ్యి తీసినట్టుంది. ఆ సుఖం ఎంత తీయగా ఉందంటే, దాన్ని బయటికి ఉమ్మలేకపోయాడు.

"ఆఁ" అన్నాడు. "మంచిగైంది."

ఇంటికి పోయి నవతను ఒక్క మాట అడగలేదు. అన్నం కాడ తలెత్తి ఆమెను చూశాడు. చానా సేపు చూశాడు.

"ఇంత పెద్దగెప్పుడైనవే నువ్వు?"

నవత చేతిలో ముద్ద అట్లనే ఆగిపోయింది. పుట్టుమచ్చ కదిలింది. అప్పుడు కదిలింది, బాపు చూస్తుండగా.

తెల్లారి నరేందర్ ముందటి ఎడమ డోరు తెరిచి పట్టుకున్నాడు. "ఇగ నువ్వు ముందట కూసో బిడ్డా. ఎవరన్నా అడిగితే నా బిడ్డని చెప్త. పైసలు పోతే పోనీ."

ఆ రోజుల్లో ఉన్నంత సుఖం నవత ఎన్నడూ ఎరగదు. ముందటి సీటు, అద్దం దించిన కిటికీ, ముఖానికి కొట్టే గాలి. మోదుగులు, మక్క చేన్లు, దూరాన పోచారం దిక్కు నుంచి తేలివచ్చే మబ్బులు. బాపు ఆమెను అడిగేవాడు, కాలేజీలో ఏం చెప్పారని, ఏం తిన్నావని. అలవాటు పోక, వంపు కాడికి రాగానే బ్రేకు తొక్కేవాడు. ఆమె కూర్చున్న సీటు కింద, ఆ ఎడమ చక్రం కాడ, కొంచెం తెల్లటి పొగలాంటిది లేచి కిటికీ దాకా వచ్చేది. నవత చున్నీతో చెంప తుడుచుకునేది. చున్నీకి బూడిదలాగా అంటేది.

"నీ పుట్టుమచ్చ యాడ పోయిందే?" అంది సుకన్య ఒకనాడు, తల దువ్వుతూ.

"ఉన్నది గదమ్మా."

"లేదే. ఎండకు మాసిపోయిందేమో. సున్నిపిండి వెట్టుకో."

తర్వాత ముందటి పన్ను కొంచెం వంకరైంది. గదుమ సన్నబడింది. బండిలో ఎక్కేవాళ్లు ఆమెను చూసి, ఎవరినో గుర్తుపట్టినట్టు తలాడించి కూర్చునేవాళ్లు. లింగయ్య, "ఏం జమునా, చదువు మంచిగ నడుస్తుందా?" అన్నాడు. నవత "ఆఁ తాతా" అని జవాబు చెప్పినాక, ఏం పేరు పెట్టి పిలిచాడో తట్టింది.

కాలేజీ గేటు కాడ మల్లేష్ ఎదురొచ్చాడు. ఆగాడు. చొక్కా చేతులు మడతపెట్టుకోవడం కూడా మరిచిపోయాడు.

"ఇన్నొద్దులు యాడున్నవ్ నువ్వు?" అన్నాడు.

ఆమె కలల్లో ఎన్నిసార్లు అన్నాడో ఆ మాట. కలల్లో అయితే ఆమె నవ్వేది. ఇప్పుడు నవ్వలేదు. "నేను నవతను మల్లేష్. నీ క్లాసే" అంది.

"పేరేదైతేంది?" అన్నాడు అతను, ప్రేమగా.

ఆ పొద్దు ఇంటికొచ్చి నవత బకెట్ నిండా నీళ్లు పట్టుకొని, పాత చీర పేలిక తీసుకొని, వాకిట్లో కూర్చొని ముఖం కడిగింది. గదుమ కాడ మొదలుపెట్టి పైకి. బకెట్‌లో నీళ్లు బూడిద రంగుకు తిరిగాయి. పారబోసి మళ్లీ పట్టింది. చక్రం మీద ముఖాన్ని తుడిస్తే చక్రం మిగిలేది. ఇక్కడ తుడిచిన కొద్దీ జమునే తేటపడింది. కండ్ల కాడికి వచ్చి చెయ్యి ఆపేసింది.

సుకన్య తునికాకు కత్తిరిస్తూ గడపలోంచి చూసి, "ఎన్ని నీళ్లు పారబోస్తవే పిల్లా" అంది. నవతా అని అనలేదు. పిల్లా అంది.

రామ్లి ఎప్పుడూ పైకి చూడలేదు. చక్రం ముందు కూర్చోవడం, చేతులు నేలకు ఆనించి లేవడం, వెనక్కి తిరగడం. మొక్కజొన్నలు విరిచే రోజుల్లో ఒక సాయంత్రం ఆమె మోకాలు పట్టేసింది. లేవడానికి కారు డోరు పట్టుకుంది. పట్టుకొని లేస్తూ కిటికీలోకి చూసింది.

అరవలేదు. ఏడవలేదు. పొద్దుగూకినా ఇల్లు చేరని పిల్లను కసిరినట్టే అంది.

"గిప్పుడా వొచ్చుడు? రొట్టె చల్లగైంది. దిగు."

డోరు తెరిచింది.

నవత బాపు దిక్కు తిరిగింది. "బాపూ" అంది.

నరేందర్ చెప్పాల్సింది ఒక్కటే మాట. నా బిడ్డ. అది నోటి దాకా వచ్చింది. కానీ చెప్పడానికి తిరిగి చూస్తే, ఆయన పక్క సీట్లో జమున ఉంది. ఊపిరి తీస్తోంది. ముక్కుపుడక మెరుస్తోంది. ఆయన వేళకు బ్రేకు తొక్కి ఉంటే ఎట్లా ఉండేదో, సరిగ్గా అట్లనే ఉంది. ఏం అడిగితే అది ఇస్తానన్న మనిషి ఆ మాట మింగేశాడు.

"ఒక్క పూట..." అన్నాడు స్టీరింగ్ దిక్కు చూస్తూ. "ఆమె మనసుకు సల్లగుంటది. బువ్వ తిని పండుకో బిడ్డా. పొద్దున ఎక్కించుకుంట."

రామ్లి రెండు చేతులూ నవత చెంపల మీద పెట్టింది. మక్క చేనిలో పనిచేసిన గరుకు చేతులు. ఆమె చూసింది. నుదురు చూసింది, కనుబొమలు చూసింది, చెవుల వెనక చూసింది, వంకర పన్ను చూసి గొంతులో చిన్న చప్పుడు చేసింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి నవతను ఎవరూ అట్లా చూడలేదు. ఆ చూపు తనది కాదని ఆమెకు తెలుసు. తెలిసే దిగింది.

కారు కదిలింది. వెనక సీట్లో లింగయ్య, "మంచి పని చేసినవ్ నరేందరూ, ఎన్నేండ్ల సంది ఎదురుచూస్తుంది పాపం" అన్నాడు.

పొద్దున వంపు కాడ నరేందర్ బ్రేకు తొక్కాడు. రోడ్డు పక్కన మేకలు, వాటి వెనక చేతిలో చువ్వతో ఆమె.

"ఎక్కు బిడ్డా, కాలేజీకి ఆలస్యమైతుంది."

ఆమె ఏదో గుర్తు చేసుకోవడానికి చూసినట్టు కొంచెం తల వంచింది. "లేదు కాకా" అంది. "యాడికి మోకాలు నొస్తుంది. ఇయ్యాల మేకలు నేనే తోల్కపోవాలె."

తండాలో తల్లిని యాడి అంటారు. నరేందర్ ఇంట్లో ఆ మాట ఎవరూ నేర్పలేదు.

సుకన్య బీడీల చాట విసిరికొట్టి, లింగంపేట దాకా బస్సులో, అక్కడినుంచి ఎండలో నడుచుకుంటూ తండాకు పోయింది. వాకిట్లోనే నిలబడి అరిచింది. "ఏమే రామ్లీ! నీ బిడ్డ పోతే నా బిడ్డను గుంజుకుంటవా? తియ్యి బయటికి!"

రామ్లి అరుగు మీద మోకాలికి నూనె రాసుకుంటోంది. కోపం తెచ్చుకోలేదు. "జమునా" అని పిలిచి, "చూస్కో అక్కా. నీదైతే తీస్కపో. నేను అడ్డమొస్తే అడుగు" అంది.

పిండి చేతులతో ఆ పిల్ల బయటికి వచ్చింది. సుకన్య ఆమె ముఖాన్ని వెలుతురుకు తిప్పింది. ఎడమ కన్ను కింద బొటనవేలితో రుద్దింది. మళ్లీ రుద్దింది. కొంగు తడిపి రుద్దింది. చర్మం ఎర్రబడింది. ఆ పిల్ల ఓపికగా నిలబడింది.

"ఏం పోగొట్టుకున్నవవ్వా?" అని అడిగింది మెల్లగా.

ఆ ముఖంలో సుకన్య కన్నది ఎక్కడా లేదు. పుట్టుమచ్చ కుడి కన్ను కిందనా ఎడమ కన్ను కిందనా అన్నది కూడా ఒక్క ఘడియ ఆమెకు అనుమానమైంది. అన్నిటికన్నా అదే ఎక్కువ కోసింది. తిరిగి నడుస్తుంటే వెనక రొట్టెలు తట్టే చప్పుడు వినపడింది. కొంతసేపు ఆగింది ఆ చప్పుడు. మళ్లీ మొదలైంది.

ఆ మర్నాడే నరేందర్ స్వామిదాసు షెడ్డుకు పోయాడు. "పాత రకమే ఎయ్యి. దుమ్ము రాలేవి" అన్నాడు. ముఖం చక్రానికి తిరిగి వస్తే, బిడ్డ ముఖం బిడ్డకు వస్తుందని ఆయన లెక్క. స్వామిదాసు ఏమీ అడగకుండా వేశాడు.

వంపు కాడ మేకలు రోడ్డు దాటుతున్నాయి. వాటి వెనక ఆమె. నరేందర్ ప్రాణమంతా కాలులోకి తెచ్చుకొని తొక్కాడు. ఈసారి పక్కన ఎవరూ లేరు, నవ్వూ లేదు. కారు ఎంతో ముందే ఆగింది. ఆమె ఇటు చూసి, తెలిసిన మనిషికి చెయ్యి ఊపినట్టు ఊపి, మేకల వెంట అడివిలోకి దిగిపోయింది. ఆమె ముఖం మారలేదు. తండా ముందు ఆ మాపటికి చక్రం చూడటానికి ఎవరూ రాలేదు. రామ్లి పొయ్యి కాడ ఉంది. లోపలినుంచి ఇద్దరి నవ్వులు వినపడ్డాయి.

ఇంటి ముందు కారు ఆగేసరికి సుకన్య గడప మీద ఉంది. లేచి వచ్చింది. ఎడమ చక్రం ముందు గొంతుక్కూర్చుంది. నరేందర్ దిగి, అటు తిరిగి వచ్చి, ఆమె పక్కన కూర్చున్నాడు.

నల్లటి దుమ్ములో, కాటుకతో గీసినట్టు, నవత ఉంది. ఎడమ కన్ను కింద నువ్వుగింజంత చుక్క. పెదవుల చివర, ఎవరైనా చూస్తే బాగుండునని దాచుకున్న చిన్న నవ్వు.

"ఎడమ కన్నే" అంది సుకన్య.

నరేందర్ ఆ ముఖాన్ని మొదటిసారి నిదానంగా చూశాడు. ముక్కుపుడక ఏ వైపు ఉందో చూశాడు. తలలో మల్లెపూలు ఉన్నాయి. నల్లబడ్డవి.

తెల్లారి సుకన్య బోరు నీళ్లు పట్టుకొచ్చింది. పాత చీర పేలిక దండెం మీదనే ఉంది. నరేందర్ వాకిట్లో నిలబడి, "తుడువకపోతే మాపటికి తేటగ రాదే" అన్నాడు, నెమ్మదిగా.

పేలిక తడిపి ఆమె చక్రం ముందు కూర్చుంది. ఆ చూపును మోయలేకపోయింది. గదుమ కాడ మొదలుపెట్టాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కండ్లు ముందు తుడిచింది.

మిగిలిన నోరు ఒక్కటే నవ్వుతూ ఉంది.